ట్రైనింగ్ అయ్యాక టీమ్ ఆటలు ఆడిస్తే నేర్చుకున్నది నిలుస్తుందా?

నేర్పింది గుర్తుందో లేదో చూడ్డానికి ఆటలు పనికొస్తాయా, టైమ్ దండగా అని అడిగారు. బాగా పనికొస్తాయండీ. కాకపోతే ముందు చెప్పినవాళ్ళకే పాయింటు అనే ఆట మాత్రం పెట్టకండి.

మాది పర్లాకిమిడి. ఇక్కడ ఒడిశాలోని గజపతి జిల్లాలో ఆశా కార్యకర్తలకు శిక్షణ ఇస్తుంటాను. ఒకే గదిలో తెలుగువాళ్ళు, ఒడియావాళ్ళు, కొండల మీంచి దిగొచ్చే సవరవాళ్ళు కూర్చుంటారు. మొదట్లో నేనూ క్విజ్ పెట్టేదాన్ని. ఇద్దరు ముగ్గురు టకటకా చెప్పేసేవారు, మిగతావాళ్ళు చప్పట్లు కొట్టేవారు, అందరికీ వచ్చేసిందని నేను ధీమాగా ఇంటికెళ్ళేదాన్ని. వారం తర్వాత ఓ ఊరికెళ్తే, క్విజ్‌లో గెలిచిన టీమ్‌లో ఉన్నావిడే విరేచనాలకి ఇచ్చే ఓఆర్ఎస్ పొట్లాన్ని లీటరు నీళ్ళకి బదులు సగం గ్లాసు నీళ్ళలో కలుపుతూ కనిపించింది. ఎంత బాధేసిందో! ఆ రోజు ఆవిడ నోరు విప్పే వీలే నా ఆటలో లేదు.

ఇప్పుడు టీమ్‌కి నలుగురే. చీటీలో ఎవరి పేరొస్తే వాళ్ళు చేసి చూపించాలి, టీమ్‌వాళ్ళు ఏ భాషలోనైనా అందించొచ్చు కానీ చెయ్యి పెట్టకూడదు. అవతలి టీమ్ తప్పు పట్టాలి, అదెందుకు తప్పో చెప్తేనే పాయింటు. మొన్న ఒక సవర అమ్మాయి లీటరు బాటిల్‌తో నీళ్ళు కొలిచి గిన్నెలో పోసి, పొట్లం అంచు గోటితో చీల్చి, మూలల్లో ఉన్నది కూడా రాలేదాకా దులిపి తిప్పుతోంది, ఇంతలో అవతల్నుంచి "చేతులు కడిగావా?" అని కేక! అక్కణ్ణుంచి మాట మాట కలిసి, పొట్లం మొత్తం ఎందుకు వెయ్యాలి అనేదాకా వెళ్ళింది. నీళ్ళు తగ్గితే ఉప్పు ఎక్కువై బిడ్డకి ప్రమాదం, నీళ్ళు ఎక్కువైతే పలచబడి పనిచెయ్యదు, ఇది వాళ్ళే చెప్పుకున్నారు. కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలన్నదీ వచ్చింది. విరేచనాలు ఆగినా జింక్ మాత్రలు 14 రోజులూ వెయ్యాలన్న దగ్గర మాత్రం రెండు టీమ్‌లూ తడబడ్డాయి, మళ్ళీ నేర్పాల్సింది ఏదో నాకు అక్కడే తెలిసింది.

ఇంకోటి. 2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగాల్లో, వెంటనే పరీక్ష పెడితే పాఠం మళ్ళీ చదివినవాళ్ళు ముందున్నారు, వారం తర్వాత పెడితే చూడకుండా గుర్తుచేసుకున్నవాళ్ళు ముందుకొచ్చారు. అందుకే ఆ సాయంత్రం ఒకసారి ఆడించి వదిలెయ్యను, తర్వాతి నెల మీటింగ్‌లో అవే చీటీలు మళ్ళీ తీయిస్తాను. బహుమతులు వద్దు, గొడవలొస్తాయి. నలభై నిమిషాలైనా ఉంచుకోండి, బస్సు టైమైపోతోందని లేచి నిలబడ్డవాళ్ళతో ఏ ఆటా సాగదు.