కొండదారిలో ఫోన్: మీ ప్రశ్నలు, మా జవాబులు

వానలు వెనక్కి తగ్గి పశ్చిమ కనుమల దారులు తెరుచుకునే రోజులు దగ్గర పడ్డట్టున్నాయి. బెంగళూరు పాఠకుల నుంచి వచ్చిన ప్రశ్నల్లో ఈసారి ట్రెక్కింగ్ యాప్‌ల గురించినవే ఎక్కువ. వాటిలో నాలుగింటికి జవాబులివి.

*కుమారపర్వతం వెళ్దామని గూగుల్ మ్యాప్స్‌లో ఆ ప్రాంతమంతా ఆఫ్‌లైన్‌గా డౌన్‌లోడ్ చేసుకున్నాను. తీరా చూస్తే కాలిబాట జాడే లేదు. అక్కడ సిగ్నల్ కూడా అందదంటున్నారు. మరి జీపీఎస్ పనిచేస్తుందా?*
— వైట్‌ఫీల్డ్ పాఠకుడు

జీపీఎస్‌కి సిమ్‌తో పని లేదండీ. ఉపగ్రహాలు పంపే సంకేతాలను ఫోన్ అందుకుంటుంది, అంతే. ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టినా నీలం చుక్క మీతోపాటే కదులుతుంది. కాకపోతే ఒక తిరకాసుంది. నెట్ ఉన్నప్పుడు ఏ ఉపగ్రహం ఎక్కడుందో ఫోన్‌కి క్షణాల్లో తెలుస్తుంది. నెట్ లేకపోతే ఆ వివరాలను ఉపగ్రహం నుంచే సెకనుకు 50 బిట్ల నత్తనడకన రాబట్టుకోవాలి. అందుకని కొండ కింద నడక మొదలయ్యే సుబ్రహ్మణ్య ఊళ్లో సిగ్నల్ ఉండగానే ఆరుబయట నిలబడి ఒకసారి మ్యాప్ తెరవండి. చుక్క కుదురుకున్నాకే బయల్దేరండి.

గూగుల్ ఆఫ్‌లైన్ మ్యాప్ బండి మీద వెళ్లేవాళ్లకు పనికొస్తుంది, నెట్ లేకుండా నడకదారి చెప్పదు. కాలిబాటలు కావాలంటే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ (వాలంటీర్లు కలిసి గీసే ఉచిత ప్రపంచ మ్యాప్) మీద నడిచే యాప్ ఉండాలి. కొత్తవాళ్లకు మేం చెప్పేది ఆర్గానిక్ మ్యాప్స్. డబ్బు కట్టక్కర్లేదు, ప్రకటనలు రావు, కాంటూర్ గీతలు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు; ఒత్తుగా ఉంటే ఏటవాలు ఎక్కువని) కూడా చూపిస్తుంది. ఇంట్లో వైఫై ఉండగానే కర్ణాటక మ్యాప్ దించుకోండి. వికీలాక్ లాంటి ట్రెక్కింగ్ దారుల సైట్‌లో ఇదివరకు నడిచినవాళ్లు పెట్టిన జీపీఎక్స్ ఫైలు (నడిచిన దారిని, అంటే ట్రాక్‌ను దాచే ఫైలు) తెచ్చి ఆర్గానిక్ మ్యాప్స్‌లో తెరవండి.

ఆ ఫైలును గుడ్డిగా నమ్మొద్దు. బాగా జూమ్ చేసి చూడండి. నిజంగా నడిచిన ట్రాక్ సన్నగా వంకర్లు పోతుంటుంది. రెండు మలుపుల మధ్య స్కేలు పెట్టి గీసినట్టుంటే ఎవరో కంప్యూటర్ ముందు కూర్చుని గీసిందే. కాంటూర్ గీతలు ఒత్తుగా ఉన్నచోట ట్రాక్ వాటికి అడ్డంగా నిట్టనిలువునా ఎక్కుతుంటే మరీ అనుమానించాలి. వేర్వేరు మనుషులవి, వేర్వేరు ఏళ్లవి మూడు ట్రాక్‌లు ఒకదాని మీద ఒకటి వేయండి. అవి విడిపోయే చోటే మీరూ దారి తప్పే చోటు. అక్కడొక బుక్‌మార్క్ పెట్టుకోండి. నీళ్లు దొరికే చోటుకీ, ఫారెస్ట్ చెక్‌పోస్టుకీ కూడా.

ఆఖరి పరీక్ష ఇంట్లోనే జరగాలి. ఎయిర్‌ప్లేన్ మోడ్ ఆన్ చేసి, వైఫై కూడా తీసేసి, మొదలు నుంచి శిఖరం దాకా మ్యాప్ జరుపుతూ చూడండి. ఎక్కడైనా ఖాళీగా కనిపిస్తే ఆ ముక్క దిగలేదన్నమాట.

ఇంకో మాట. యాప్‌లో దారి కనిపించినంత మాత్రాన అటవీశాఖ అనుమతి ఉన్నట్టు కాదు. ఆన్‌లైన్‌లో తీసుకున్న అనుమతి పత్రాన్ని పీడీఎఫ్‌గా ఫోన్‌లో దాచుకుని, ఒక ప్రింటు కూడా పెట్టుకోండి.

*ట్రాక్ రికార్డు చేస్తే మధ్యలో కిలోమీటర్ల కొద్దీ తిన్నని గీతలు వచ్చాయి. మధ్యాహ్నానికే బ్యాటరీ అడుగంటింది. 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ సరిపోతుందా?*
— మారతహళ్లి పాఠకుడు

స్క్రీన్ ఆరగానే ఆండ్రాయిడ్ మీ యాప్‌ను నిద్రపుచ్చింది. మళ్లీ మేలుకున్నాక పాత చోటునీ కొత్త చోటునీ ఒక గీతతో కలిపేసింది. సెట్టింగ్స్‌లో ఆ యాప్ పేజీకి వెళ్లి బ్యాటరీ దగ్గర 'అన్‌రిస్ట్రిక్టెడ్' ఎంచుకోండి, బ్యాటరీ సేవర్ ఆపేయండి. తర్వాత స్క్రీన్ ఆపి కబ్బన్ పార్కులో అరగంట నడవండి. గీత మీరు తిరిగిన దారినే వస్తే సరే.

బ్యాటరీని ముందుగా తినేది స్క్రీన్. ఆ తర్వాత లోయల్లో దొరకని టవర్ కోసం ఫోన్ చేసే వెతుకులాట. ఎయిర్‌ప్లేన్ మోడ్‌తో రెండోది పూర్తిగా ఆగుతుంది. స్క్రీన్ దారి చీలినచోట మాత్రమే తెరవండి. చేతిలో ట్రాక్ ఉన్నప్పుడు మళ్లీ రికార్డింగ్ దేనికి?

పవర్ బ్యాంక్ లెక్క: 10,000 ఎంఏహెచ్ అన్నది 3.7 వోల్టుల దగ్గర, అంటే 37 వాట్-అవర్లు. 5,000 ఎంఏహెచ్ ఫోన్ నిండడానికి దాదాపు 19 కావాలి. కాగితం మీద రెండుసార్లు నిండాలి. వోల్టేజి మార్పిడిలోనూ, వేడిగానూ కొంత పోతుంది కాబట్టి ఒకటిన్నరసార్లే లెక్కేసుకోండి. రెండు రోజుల నడకకు ఒక్కరికి అది చాలు. కేబుల్ మాత్రం రెండుండాలి, ముందు పాడయ్యేది అదే. తడిసిన పోర్టులో ఛార్జర్ పెట్టకండి. వానలో తడిసిన స్క్రీన్ మీద వేలు సరిగా పనిచేయదు, జిప్ కవర్ దగ్గరుంచుకోండి.

*బోర్డు మీద రాసిన ఎత్తు కన్నా నా యాప్ 80, 90 మీటర్లు తక్కువ చూపిస్తోంది. ఫోన్ పాడైందా?*
— ఎలక్ట్రానిక్ సిటీ పాఠకురాలు

ఫోన్ బాగానే ఉందండీ. జీపీఎస్ ఎత్తును కొలిచేది భూమికి ఊహించిన నున్నటి అండాకారం నుంచి. బోర్డుల మీద ఉండేది సముద్రమట్టం నుంచి. భూమ్యాకర్షణ అన్నిచోట్లా ఒకేలా లేనందున దక్షిణ భారతంలో సముద్రమట్టం ఆ అండాకారానికి ఎనభై, తొంభై మీటర్లు కిందనే ఉంటుంది. సరిదిద్దని యాప్ అంతమేరా తక్కువ చూపిస్తుంది. యాప్ సెట్టింగ్స్‌లో జియాయిడ్ (ఈ తేడాను సరిదిద్దే సముద్రమట్టపు నమూనా) లేదా సముద్రమట్టం ఎంపిక ఉంటే ఆన్ చేయండి. లేకపోతే చెక్‌పోస్టు దగ్గర తేడా చూసుకుని రోజంతా అదే కలుపుకోండి.

*మా అబ్బాయి ట్రెక్‌కి వెళ్తే వాట్సాప్ లైవ్ లొకేషన్ మధ్యలోనే ఆగిపోతోంది. అమెరికా నుంచి మా అన్నయ్య శాటిలైట్ మెసేజ్ పరికరం పంపిస్తానంటున్నాడు. తెప్పించుకోవచ్చా?*
— జయనగర్ నుంచి ఒక తల్లి

వద్దమ్మా. మన దేశంలో ముందస్తు ప్రభుత్వ అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్లు, అలాంటి మెసేజ్ పరికరాలు వాడడం చట్టవిరుద్ధం. విమానాశ్రయంలోనే పట్టుకుంటారు. లైవ్ లొకేషన్‌కి నెట్ కావాలి కాబట్టి అడవిలో ఆగిపోక తప్పదు. అది ఆగిందని కంగారు పడకండి.

బయల్దేరే ముందు మీ అబ్బాయి చేత ఒక కాగితం రాయించుకోండి: ఎక్కడ మొదలు, ఏ దారి, ఎక్కడ దిగుతాడు, తోడెవరు, వాళ్ల నంబర్లు, ఎన్ని గంటలకల్లా ఫోన్ చేస్తాడు. సమయానికి ఒక లెక్కుంది. 5 కిలోమీటర్లకు గంట, పైకెక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. 12 కిలోమీటర్లు నడిచి 1,500 మీటర్లు ఎక్కాలంటే సుమారు ఐదు గంటలు. వీపున సంచీ, ఎండ, విశ్రాంతి కలిపితే ఏడున్నర వేసుకోవడం నయం. దిగడానికి విడిగా లెక్క చూడాలి.

డేటా అందని చోట కూడా ఒక్కోసారి ఎస్ఎంఎస్ వెళ్తుంది. యాప్‌లో కనిపించే అక్షాంశ రేఖాంశాలను కాపీ చేసి పంపమనండి. అవి మీరు ఎవరికైనా చదివి వినిపించేటప్పుడు 12.30 అని ఉంటే 'పన్నెండు పాయింట్ మూడు సున్నా' అనే చెప్పండి. 12 డిగ్రీల 30 నిమిషాలు అన్నారంటే చోటు 22 కిలోమీటర్లు ఉత్తరానికి జరిగిపోతుంది. అనుకున్న వేళ దాటి మూడు గంటలైనా కబురు రాకపోతే, ముందు తోడువెళ్లినవాళ్ల నంబర్లు, ఆ తర్వాత 112. ఫోన్ ఎత్తినవాళ్లకు ఆ కాగితం మొదటి నుంచి చదవండి.