హుక్కు ఎక్కడ తగిలించాలి?

ప్రశ్న: రేకుల షెడ్లకు ట్రస్సులు బిగించే పని చేస్తాను. పాత నడుము బెల్టులు తీసేసి, ఒంటినిండా పట్టీలుండే కొత్త హార్నెస్‌లు ఇచ్చారు. పని జరిగే ఎత్తు ఐదు మీటర్లు. పైన ఆధారం దొరకనప్పుడు హుక్కును కాళ్ల దగ్గరి పైపుకే తగిలిస్తున్నాం. ఫరవాలేదా? (ఒక ఫిట్టర్, గాజువాక)

జవాబు: ఫరవాలేదని నేను అనలేను. మీరు చెప్పిన ఎత్తులో, మీరు చెప్పిన తీరులో హుక్కు తగిలిస్తే, హార్నెస్ ఒంటి మీద ఉండగానే మనిషి నేలను తాకే ప్రమాదం ఉంది. ఎలాగో లెక్క వేసి చూద్దాం.

హార్నెస్‌నూ హుక్కునూ కలిపే మీ తాడు పొడవు 1.8 మీటర్లు అనుకుందాం. వీపు మీద, రెండు భుజపుటెముకల మధ్య ఉండే డి రింగు పాదాలకు సుమారు 1.5 మీటర్ల పైన ఉంటుంది. హుక్కు పాదాల దగ్గర ఉన్నప్పుడు కాలు జారితే, ఆ రింగు ముందు 1.5 మీటర్లు దిగి హుక్కు మట్టానికి వచ్చి, అక్కడి నుంచి మరో 1.8 మీటర్లు దిగిన తరువాతే తాడు బిగుస్తుంది. అంటే 3.3 మీటర్లు అడ్డు లేకుండా పడతారు. అప్పటికి వేగం గంటకు 29 కిలోమీటర్లు ఉంటుంది. ఆ కుదుపును మింగడానికి తాడులో మడిచి కుట్టిన షాక్ అబ్జార్బర్ విప్పుకుంటుంది. యూరప్ ప్రమాణాల ప్రకారం అది 1.75 మీటర్ల దాకా సాగవచ్చు. తాడు, ఆ సాగుదల, రింగు కింద వేలాడే ఒంటి పొడవు, వాటిపై జాగ్రత్త కోసం ఒక మీటరు కలిపితే, హుక్కు కింద ఆరు మీటర్లకు పైగా ఖాళీ కావాలి. మీకున్నది ఐదే.

అదే హుక్కును మీరు నిలబడే చోటికి రెండు మీటర్ల పైన తగిలిస్తే, కింద ఏడు మీటర్ల ఖాళీ దొరుకుతుంది, అడ్డు లేకుండా పడే దూరం 1.3 మీటర్లకు తగ్గుతుంది. హార్నెస్ మారలేదు, తాడు మారలేదు. హుక్కు చోటు ఒక్కటే మారింది. హుక్కు నెత్తికి సూటిగా పైన ఉండడం మరో కారణానికీ అవసరం: పక్కకు ఉంటే, పడిన మనిషి ఊయలలా ఊగి స్తంభానికో గోడకో కొట్టుకుంటాడు.

పైన ఆధారం లేకపోతే దానిని ఏర్పాటు చేయించవలసిన బాధ్యత పని చేయించేవారిది. స్తంభాల మధ్య ఇంజినీరు లెక్క ప్రకారం వైరు రోప్ లైఫ్ లైన్ (హుక్కు తగిలించే ఉక్కు తాడు) కట్టించవచ్చు, లేదా పడగానే పట్టి ఆపే రిట్రాక్టబుల్ బ్లాకు పెట్టించవచ్చు. కఠెరా ఉన్న పరంజా మీదో లిఫ్ట్ బుట్టలోనో నిలబడి చేయగల పని అయితే అంతకన్నా మేలు. మనిషి పడే అవకాశమున్న ఎత్తులో కంచె వేసో మరో విధంగానో రక్షణ కల్పించాలని 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 32వ సెక్షన్‌లోనే ఉండేది. అందులో కంచె మాటే ముందు వచ్చిందని గమనించండి.

ఆధారం బలం గురించి కూడా చెప్పాలి. అమెరికా నిబంధనలు ఒక్కో మనిషికి 5,000 పౌండ్లు, అంటే సుమారు 2,270 కిలోల బరువును తట్టుకునే ఆధారం కోరతాయి. కరెంటు వైర్ల ట్రే, నీళ్ల పైపు, మెట్ల కఠెరా దానికి దరిదాపుల్లోకి కూడా రావు. ఒకచోటి నుంచి మరోచోటికి జరిగేటప్పుడు రెండు హుక్కుల తాడు వాడండి. రెండోది తగిలించిన తరువాతే మొదటిది తీయాలి.

పాత నడుము బెల్టును మాత్రం మళ్లీ ముట్టుకోకండి. కుదుపు మొత్తం పొట్ట మీదా వెన్ను మీదా పడుతుంది కాబట్టే, పడే మనిషిని ఆపడానికి దానిని వాడడాన్ని అమెరికా 1998 జనవరి 1 నుంచి నిషేధించింది. హార్నెస్ ఆ బరువును తొడలకు, కటికి, ఛాతీకి, భుజాలకు పంచుతుంది. అందుకు తొడ పట్టీలు సరిగా బిగించాలి: పట్టీకీ తొడకీ మధ్య చాచిన అరచెయ్యి దూరాలి, పిడికిలి దూరకూడదు.

ప్రశ్న: మా వారు పెయింటింగు పనికి వెళ్తారు. హార్నెస్ మీది రంగు మరకలను కిరోసిన్‌తో తుడిచి, సర్ఫులో నానబెట్టి, మేడ మీద ఎండలో ఆరేస్తున్నాను. సరైనదేనా? (ఒక గృహిణి, వరంగల్)

జవాబు: అమ్మా, కిరోసిన్, థిన్నర్, బ్లీచింగ్ దానికి తగలనివ్వకండి. గోరువెచ్చని నీటిలో మెత్తని సబ్బుతో కడిగి, నీడలో, గాలి తగిలే చోట వేలాడదీయండి. ఎండ ఆ దారాలను లోలోపల బలహీనం చేస్తుంది.

ఆరిన తరువాత పట్టీని జానెడు జానెడుగా రెండు చేతులతో పట్టుకొని విల్లులా వంచి చూడండి. కోత పడినచోట పోగులు పైకి లేస్తాయి. వెల్డింగు నిప్పురవ్వ పడినచోట గట్టిగా, మెరుస్తూ వేలికి తగులుతుంది. తెగిన కుట్లు, చదవలేని లేబులు, రంగు పట్టి బిరుసెక్కిన పట్టీ, వీటిలో ఏది కనిపించినా ఆ హార్నెస్ పక్కన పెట్టాలి. ఒక్కసారి మనిషి పడగా ఆపిన హార్నెస్ చూడడానికి కొత్తదానిలా ఉన్నా మళ్లీ వాడకూడదు. మరొకరు ఏరుకొని వేసుకోకుండా పట్టీలు కత్తిరించి పారేయించండి.

ప్రశ్న: హార్నెస్‌కు వేలాడుతున్న మనిషిని అగ్నిమాపక దళం వచ్చేదాకా అలాగే ఉంచవచ్చా? (ఒక సూపర్‌వైజరు, హైదరాబాద్)

జవాబు: ఉంచకూడదు. కదలకుండా వేలాడేవారి కాళ్లలో రక్తం నిలిచిపోయి, కొద్ది నిమిషాల్లోనే స్పృహ తప్పవచ్చు. 101కి, 108కి ఫోన్ చేయిస్తూనే మీరు దించే ప్రయత్నం మొదలుపెట్టాలి. స్పృహలో ఉంటే కాళ్లు ఆడిస్తూ ఉండమని, హార్నెస్‌కు కాలు పెట్టే ఉచ్చు ఉంటే అందులో నిలబడమని పైకి కేక వేసి చెప్పండి. దించాక కూర్చోబెట్టే ఉంచాలన్న పాత సలహాకు ఆధారం లేదని బ్రిటన్ ఆరోగ్య, భద్రత సంస్థ 2009లో వెలువరించిన సమీక్ష తేల్చింది. వెల్లకిలా పడుకోబెట్టి మామూలు ప్రథమ చికిత్సే చేయాలి. శ్వాస ఆడకపోతే వెంటనే సీపీఆర్ మొదలుపెట్టాలి.

ఏ నిచ్చెన, ఏ లిఫ్టు, ఎవరు ఎక్కాలి అన్నది పని మొదలుకాకముందే రాసి పెట్టుకోండి. నేను పనిచేసిన ఒక చోట దించే తాళ్ల పెట్టె స్టోరులో భద్రంగా ఉండేది, తాళంచెవి మాత్రం రాత్రి షిఫ్టులో ఎవరి దగ్గరా ఉండేది కాదు. డెబ్బై కిలోల ఇసుక బస్తాకు హార్నెస్ తొడిగి దించి చూసిన రోజునే మాకు ఆ సంగతి తెలిసింది. మీరు కూడా ఒకసారి రాత్రి షిఫ్టులో ఆ బస్తాను దించి చూడండి.