క్రిస్టియన్ కాలేజీలో సీటు వచ్చింది, పంపమంటారా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ పూర్తిచేసింది. అమెరికాలో, అయోవా రాష్ట్రంలోని ఒక చిన్న కాలేజీలో కంప్యూటర్ సైన్స్‌కి సీటు వచ్చింది. ట్యూషన్ ఫీజులో సగం స్కాలర్‌షిప్ ఇస్తామన్నారు. కాలేజీ మొత్తానికి వెయ్యిమంది విద్యార్థులు కూడా లేరట. అది క్రిస్టియన్ కాలేజీ అనీ, ప్రార్థనకు వెళ్లాల్సి ఉంటుందనీ ఇప్పుడు తెలిసింది. మేం హిందువులం. పిల్లను మతంలో కలిపేసుకుంటారేమోనని మా అమ్మగారు బెంగపెట్టుకున్నారు. పంపమంటారా?
– ఒక తండ్రి, తెనాలి

జవాబు: తెనాలివారు కాబట్టి మీకు గుంటూరు ఏసీ (ఆంధ్రా క్రిస్టియన్) కాలేజీ గురించి నేను చెప్పనక్కర్లేదు. 1885లో అమెరికన్ లూథరన్ మిషనరీలు పెట్టిన కాలేజీ అది. ఎన్టీఆర్ డిగ్రీ చదివింది అక్కడే. అన్ని మతాల పిల్లలూ తరతరాలుగా అక్కడ చదువుకున్నారు, ఎవరి దేవుడు వాళ్లకే ఉన్నాడు. మీ అమ్మగారికి ముందు ఆ సంగతి గుర్తుచేయండి.

మీరు మాత్రం ఆ ఒక్క ధైర్యంతో సంతకం పెట్టేయకండి. అమెరికాలో క్రిస్టియన్ కాలేజీలన్నీ ఒక్క తీరుగా ఉండవు. మిన్నెసోటాలో సెయింట్ ఓలాఫ్ అని లూథరన్ కాలేజీ ఉంది. అక్కడ చాపెల్ (ప్రార్థన సభ) ఉంది, వెళ్లడం వెళ్లకపోవడం మీ ఇష్టం. మిషిగన్‌లోని కాల్విన్ యూనివర్సిటీలో అధ్యాపకులకు మత విశ్వాసం తప్పనిసరి, విద్యార్థులు ఏ మతం వారైనా చేరవచ్చు. ఇల్లినాయ్‌లోని వీటన్ కాలేజీ పద్ధతి వేరు. చేరేవాళ్లు క్రైస్తవ విశ్వాసం ఉన్నవాళ్లే అయి ఉండాలని అడుగుతారు, ప్రవర్తన నియమాలకు కట్టుబడతామని ఒప్పుకోవాలి. విద్యార్థులు సరదాగా డ్యాన్స్ చేసుకోవడానికి అక్కడ అనుమతి దొరికింది 2003లో!

మీ అమ్మాయి కాలేజీ వీటిలో ఏ కోవకు చెందుతుందో కన్సల్టెన్సీవాళ్లను అడిగి లాభం లేదు. వాళ్లు ఫీజు, ఐ-20 (వీసా కోసం కాలేజీ ఇచ్చే పత్రం) దాటి చదవరు. కాలేజీ వెబ్‌సైట్‌లో స్టూడెంట్ హ్యాండ్‌బుక్ ఉంటుంది. తండ్రీ కూతుళ్లు పక్కపక్కన కూర్చుని చదవండి. చాపెల్ తప్పనిసరా, అయితే సెమిస్టర్‌కి ఎన్నిసార్లు, మానేస్తే ఏమవుతుంది? బైబిల్ కోర్సులు ఎన్ని, వాటి మార్కులు జీపీఏలో (మొత్తం గ్రేడ్ల సగటులో) కలుస్తాయా? ‘నేను క్రైస్తవాన్ని నమ్ముతాను’ అనే విశ్వాస ప్రకటన మీద విద్యార్థి సంతకం పెట్టాలా? ఈ మూడోదానికి ‘అవును’ అని ఉంటే నా సలహా వద్దనే. నమ్మని మాట మీద పద్దెనిమిదేళ్ల పిల్ల చేత సంతకం పెట్టించి నాలుగేళ్ల చదువు మొదలుపెట్టించడం బాగుండదు. కేవలం చాపెల్‌కి వెళ్లి కూర్చోవాలి అంటే అది పెద్ద సమస్య కాదు. చాలాచోట్ల అందులో పాటలు, ఒక ప్రసంగం, నాలుగు ప్రకటనలు ఉంటాయి, మన స్కూలు అసెంబ్లీలాగే.

హ్యాండ్‌బుక్‌లో ఇంకా చాలా కనిపిస్తాయి. క్యాంపస్‌లో మందు నిషేధం, అబ్బాయిలు అమ్మాయిల గదుల్లోకి రావడానికి నిర్ణీత వేళలు, మొదటి రెండు మూడేళ్లు డార్మ్‌లోనే (కాలేజీ హాస్టల్లోనే) ఉండాలనే నియమం. ఇవి చదివి మీరు సంబరపడతారు, అమ్మాయి పడకపోవచ్చు. డార్మ్‌లో ఉంటే మీల్ ప్లాన్ కూడా తీసుకోవాల్సి వస్తుంది. శాకాహారి అయితే రోజూ ఏం పెడతారో ముందే అడగండి, సలాడ్, చీజ్ పిజ్జాలతో నాలుగేళ్లు గడవవు. సెలవుల్లో డార్మ్ మూసేస్తే ఎక్కడుండాలో కూడా కనుక్కోండి. డిసెంబరులో అయోవా మంచు మాటలు కాదు, అలాంటి ఊళ్లో కారు లేకపోతే కిరాణా కొట్టుకు వెళ్లడం కూడా కష్టమే.

చిన్న కాలేజీలో నాకు నచ్చేది ఒకటుంది. క్లాసులో పదిహేను ఇరవై మంది ఉంటే ప్రొఫెసర్‌కి మీ అమ్మాయి పేరుతో సహా తెలుస్తుంది. రేపు ఎమ్మెస్‌కి అప్లై చేసినప్పుడు ఆయన రాసే సిఫారసు లేఖ బరువే వేరు. అయితే ఇద్దరు ముగ్గురే ప్రొఫెసర్లున్న కంప్యూటర్ సైన్స్ డిపార్ట్‌మెంట్‌లో ఒకరు వెళ్లిపోతే పై కోర్సులు ఆగిపోతాయి. గత రెండేళ్లలో మూడో, నాలుగో సంవత్సరం కోర్సులు ఏవేవి నిజంగా నడిచాయో అడగండి. కేటలాగ్‌లో ఉన్నవన్నీ ఏటా నడవవు.

మీరు అడగని విషయం ఒకటి ఉంది. నాకు మతం కన్నా దాని గురించే టెన్షన్. అదే రాష్ట్రంలో అయోవా వెస్లియన్ అనే మెథడిస్ట్ యూనివర్సిటీ 1842 నుంచి నడిచి, డబ్బుల్లేక 2023 మేలో మూతపడింది. ఫీజుల మీదే బతికే చిన్న కాలేజీలకు పిల్లలు తగ్గితే ఇదే ముప్పు. చదువు మధ్యలో మూతపడితే ఇంకో కాలేజీ వెతుక్కుని వీసా రికార్డు అక్కడికి మార్పించుకోవాలి, పూర్తిచేసిన క్రెడిట్లు అన్నీ ఒప్పుకుంటారన్న భరోసా లేదు. కాబట్టి రెండు పనులు చేయండి. అమెరికా ప్రభుత్వ వెబ్‌సైట్ కాలేజ్ నావిగేటర్‌లో విద్యార్థుల సంఖ్య, అక్రెడిటేషన్ (కాలేజీకి ఉన్న గుర్తింపు) చూడండి. అయోవాలో హయ్యర్ లెర్నింగ్ కమిషన్ గుర్తింపు ఉండాలి. అమెరికా విద్యాశాఖ ప్రైవేటు కాలేజీల ఆర్థిక పరిస్థితికి ఇచ్చే కాంపోజిట్ స్కోరు కూడా చూడండి. మైనస్ 1 నుంచి 3 వరకు ఇస్తారు, 1.5కి తక్కువుంటే జాగ్రత్త పడాలి.

స్కాలర్‌షిప్ లెటర్ మళ్లీ ఒకసారి తీయండి. సగం అన్నది ట్యూషన్‌లో సగమే, డార్మ్, భోజనం, హెల్త్ ఇన్సూరెన్స్ మీ జేబులోంచే. జీపీఏ ఎంతకు తగ్గితే స్కాలర్‌షిప్ ఆగిపోతుందో, ఏటా ఫీజు పెరిగితే ఇదీ పెరుగుతుందో లేదో అందులో రాసి లేకపోతే ఈమెయిల్లో అడిగి జవాబు దాచుకోండి. ఎఫ్-1 (స్టూడెంట్) వీసా మీద చదువు నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలే పనిచేయవచ్చు. ఆ సంపాదన చేతిఖర్చులకు వస్తుంది, ఫీజుకి రాదు. అప్పు లెక్కలో దాన్ని కలపకండి.

చివరగా, మీ ఉత్తరంలో మీ మాట ఉంది, మీ అమ్మగారి బెంగ ఉంది. అమ్మాయి ఏమంటోందో ఒక్క ముక్క లేదు. అక్కడ చదువుతున్న ఇండియన్ పిల్లలెవరైనా ఉంటే కలపమని అడ్మిషన్ ఆఫీసును అడగండి. మాట్లాడేటప్పుడు మీరు గదిలో ఉండకండి.