పగడాల ట్యాంకులో క్యాల్షియం 480, ఆల్కలినిటీ 6: క్యాల్షియం ఆపండి

మీ ఉప్పునీటి పగడాల ట్యాంకులో క్యాల్షియం, ఆల్కలినిటీ (నీటి క్షారత) ద్రావణాలు రెండూ సమానంగా పోస్తున్నా క్యాల్షియం 480 పీపీఎం, ఆల్కలినిటీ 6 డీకేహెచ్ (క్షారతను కొలిచే యూనిట్) దగ్గరే ఉన్నాయి, హీటర్ మీద తెల్లటి పొర కడుతోంది అన్నారు కదండీ. టెన్షన్ పడకండి, ముందు మెగ్నీషియం టెస్ట్ చేయండి. అది బాగా తగ్గితే మీరు పోసింది పగడాలకు అందకుండానే సున్నపురాయిలా గడ్డకడుతుంది. మెగ్నీషియంను 1300 పీపీఎం దగ్గరికి తెచ్చాకే మిగతా పని.

క్యాల్షియం పూర్తిగా ఆపేయండి. 100 లీటర్ల ట్యాంకుకు 3 గ్రాముల వంటసోడా (బేకింగ్ పౌడర్ కాదు) ఆర్‌ఓ నీళ్లలో కరిగించి, పంపు ధార బలంగా ఉన్నచోట మెల్లగా పోస్తే దాదాపు 1 డీకేహెచ్ పెరుగుతుంది. రోజుకు అంతకు మించొద్దు. తొందరపడితే ఎస్‌పీఎస్ (చిన్న పాలిప్‌లుండే గట్టి రకం) పగడాల కొనలు కాలిపోతాయి, చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

ఆల్కలినిటీ 8కి చేరాక రెండు రోజులు ఏమీ పోయకుండా కొలవండి. పగడాలు 2.8 డీకేహెచ్ వాడుకుంటే క్యాల్షియం తగ్గేది 20 పీపీఎం మాత్రమే, అందుకే డోసు ఆల్కలినిటీని చూసే నిర్ణయించండి.