రసం పిండే ముందు ఈ ఉత్తరం చదువు

చిరంజీవి అమ్మడుకి, పెద్దమ్మ ఆశీస్సులు.

వచ్చే సోమవారం నుంచి 21 రోజులు పళ్ళరసాల మీదే ఉంటావట, మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఈ వయసులోనే ఒంటి మీద శ్రద్ధ పెట్టావని మురిసిపోయాను. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

రోజూ నడువు, వేళకు పడుకో, దాహమేస్తే నీళ్ళు తాగు. ఇవి నీకు తెలిసినవే.

నా సంగతి మాత్రం నీకు తెలియదు. నలభై రెండో ఏట నాకు హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు చక్కెర చెప్పే రక్తపరీక్ష) 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 వరకు అంటే మధుమేహం గుమ్మంలో నిలబడ్డట్టే. ఆ రోజే టీలో చక్కెర మానేశాను. అందరూ మెచ్చుకున్నారు. ఆ మెప్పుతో పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, నారింజ రసం గ్లాసులు మొదలుపెట్టాను. చక్కెర వేయలేదు కదా అని ధీమా! 240 మిల్లీలీటర్ల గ్లాసులో పండు చక్కెరే సుమారు 21 గ్రాములు, అంటే అయిదు చెంచాలు. గ్లాసుకు మూడు పళ్ళు పిండేదాన్ని. వలిచి తినమంటే రెండోదానికే చాలనేదాన్ని. పీచంతా చెత్తబుట్టలో పారేసి తీపి మాత్రం గటగటా తాగాను. అలా తాగిన తీపి రక్తంలోకి త్వరగా చేరుతుంది, ఆకలి మాత్రం తీరదు. అందులోని ఫ్రక్టోజు అనే చక్కెర భారం కాలేయానిది, మితిమీరితే దాన్ని కొవ్వుగా మారుస్తుంది. ఏడాదిన్నరకు అదే పరీక్షలో 7.4 వచ్చింది, మధుమేహం గుమ్మం దాటి లోపలికి వచ్చేసింది. ఏం తాగుతున్నారని డాక్టరు అడిగితే "నీళ్ళు, టీ" అన్నాను. రసం నోటికే రాలేదు, దాన్ని ఆరోగ్యం ఖాతాలో వేసుకున్నాను మరి!

తప్పంతా రసానిదే అనను. మీ తాతయ్యకూ ఈ జబ్బు ఉండేది, అదే నీ విషయంలో నా భయం.

ఇంట్లో పిండినా సరే, రసంలోని తీపిని పంచదారతో కలిపే లెక్కించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. పండు కొరికి తిను. మరీ మనసు లాగితే భోజనంతో చిన్న గ్లాసు తాగు. 21 రోజులంటావా, పిచ్చిపిల్లా, ఒంటికి మాంసకృత్తులు ఎక్కడినుంచి వస్తాయి?

నా సంచిలో ఇప్పటికీ ఒక రసం డబ్బా ఉంటుంది. రక్తంలో చక్కెర మరీ పడిపోయి 70 కంటే దిగితే సగం గ్లాసు తాగి, పావుగంటకు మళ్ళీ పరీక్ష చేసుకుంటాను. నేను మందులా దాచుకున్నదాన్ని నువ్వు మూడు పూటలా తాగుతానంటే చెయ్యి వణికింది.

సోమవారం పరగడుపున రక్తపరీక్ష చేయించుకో. కాగితం ఫోటో ముందు నాకు పంపు, మీ అమ్మకు నేను చెబుతాను.

నీ పెద్దమ్మ