కొత్త ప్రాసెసర్‌లో పాత మండపం ప్రతిధ్వని

ప్రశ్న: మా ఊరి ఆలయ మండపంలో బెలూను పగలగొట్టి, ఆ మోత పూర్తిగా అణగేవరకు రికార్డు చేసుకున్నాను. దానిని ఒక కన్వల్యూషన్ రివర్బ్ ప్లగిన్‌లో (ఒక చోటి ప్రతిధ్వనిని పాటకు అద్దే, రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రాములో) వేసి కొన్నేళ్లుగా కీర్తనల రికార్డింగుకు వాడుతున్నాను. ఇటీవల ఇంటెల్ మ్యాక్ తీసేసి ఎం1 మ్యాక్ కొన్నాను. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌ను రొసెట్టాతో (ఇంటెల్ ప్రోగ్రాములను కొత్త మ్యాక్‌లో నడిపే యాపిల్ అనువాదకంతో) తెరిస్తేనే ఆ ప్లగిన్ కనిపిస్తోంది. నా మండపం పోయినట్టేనా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: పోలేదు. మీ మండపం ఉన్నది వేవ్ ఫైలులో. అందులోని అంకెలకు ప్రాసెసర్‌తో పని లేదు. ఇబ్బందంతా ఆ అంకెలతో మీ గాత్రాన్ని గుణించే ప్రోగ్రాముది.

ఆ గుణకారం ఎంత బరువైనదో చూడండి. మీ మండపం మోత నాలుగు సెకన్లు ఉందనుకుంటే, సెకనుకు 48,000 శాంపిళ్ల (ధ్వనిని కొలిచి రాసుకున్న అంకెల) చొప్పున అది 1,92,000 అంకెలవుతుంది. గాత్రంలోని ప్రతి శాంపిల్‌నూ వాటన్నిటితో నేరుగా గుణించాలంటే సెకనుకు 921 కోట్లకు పైగా గుణకారాలు చేయాలి. అందుకే మోతను ముక్కలుగా కోసి, ఫూరియర్ పద్ధతిలో (ధ్వనిని పౌనఃపున్యాలుగా విడదీసి) పని తగ్గిస్తారు. గాయకుడికి ఆలస్యం తెలియకుండా మొదటి ముక్కలను చిన్నవిగా, తోకవైపు ముక్కలను పెద్దవిగా ఉంచే ఉపాయాన్ని విలియం గార్డ్‌నర్ 1995లో వివరించారు.

ఇంత చేసినా వేగం చాలక, నాలుగేసి, ఎనిమిదేసి అంకెలను ఒకే దెబ్బకు గుణించే ప్రత్యేక ఆదేశాలను ప్రోగ్రామర్లు ఆశ్రయిస్తారు. చిక్కంతా ఇక్కడే. ఇంటెల్‌కు ముందు మ్యాక్‌లలో ఉన్న పవర్‌పీసీ ప్రాసెసర్లలో వాటిని ఆల్టివెక్ అన్నారు, ఇంటెల్‌లో ఎస్‌ఎస్‌ఈ, ఏవీఎక్స్ అన్నారు, మీ ఎం1 చెందిన ఆర్మ్ జాతి ప్రాసెసర్లలో నియాన్ అంటారు. ఒకదానికి రాసింది మరొకదానికి అర్థం కాదు. 2006లో యాపిల్ ఇంటెల్‌కు మారినప్పుడూ ప్లగిన్ తయారీదారులు ఈ భాగాన్నే తిరగరాయవలసి వచ్చింది. మోత చివర సున్నాకు అతి దగ్గరగా వచ్చే అంకెల వద్ద కొన్ని ప్రాసెసర్లు చతికిలబడతాయి. వాటిని సున్నాగా లెక్కించమనే అమరిక కూడా ఇంటెల్‌లో ఒకచోట, ఆర్మ్‌లో మరొకచోట ఉంటుంది. పైకి కనిపించని ఇలాంటి పనులే ఎక్కువ కాలం తింటాయి కనుక, తయారీదారు ఆలస్యం చేస్తే వెంటనే సోమరి అనడం న్యాయం కాదు.

రొసెట్టా 2 ఇంటెల్ ఆదేశాలను ఆర్మ్‌లోకి అనువదిస్తుంది. సాధారణంగా ఆర్మ్ రూపంలో నడుస్తున్న సాఫ్ట్‌వేర్ తన ప్రక్రియలోకి ఇంటెల్ ప్లగిన్‌ను నేరుగా తెచ్చుకోలేదు కాబట్టే, మొత్తం సాఫ్ట్‌వేర్‌ను రొసెట్టాతో తెరిచినప్పుడు మాత్రమే అది మీకు కనిపించింది. అయితే దీనిపై ఎక్కువ కాలం ఆధారపడకండి: రొసెట్టాను పూర్తి స్థాయిలో మ్యాక్‌ఓఎస్ 27 వరకే ఉంచుతామని యాపిల్ 2025లో ప్రకటించింది.

ముందుగా తయారీదారు వద్ద ఆర్మ్ కూర్పు ఉందేమో చూడండి. లేకపోతే మీ వేవ్ ఫైలును తెరవగల వేరే కన్వల్యూషన్ ప్లగిన్ తీసుకోవచ్చు. యాపిల్ వారి రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ లాజిక్ వాడేవారికి స్పేస్ డిజైనర్ అనే అలాంటి ప్లగిన్ అందులోనే ఉంది. పాత పాటల రివర్బ్‌ను మాత్రం రొసెట్టా ఉండగానే విడి ట్రాకులుగా రికార్డు చేసి దాచుకోండి, ఎందుకంటే ప్లగిన్‌లో మీరు దిద్దుకున్న అమరికలు వేవ్ ఫైలులో ఉండవు. తర్వాత ఒకే గాత్రాన్ని పాత, కొత్త ప్లగిన్లలో నడిపి, స్థాయి, ఆలస్యం సమానం చేసి, ఒకదాని ఫేజ్ తిప్పి (తరంగాన్ని తలకిందులు చేసి) రెండింటినీ కలిపి వినండి; రెండూ ఒకటే అయితే ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. కూడికల వరుస మారినందువల్ల అతి స్వల్పమైన తేడా మిగలవచ్చు. మోత చెవికి వినిపించిందంటే ఏదో అమరిక ఇంకా తేడాగా ఉందన్నమాట.