ఉద్యోగం చేతికి రాకముందే మూడు రూపాయల వడ్డీనా?

ప్రశ్న: నా వయసు 38. భర్త లేరు. ఇద్దరు పిల్లలతో పల్లెలో మా అమ్మ దగ్గర ఉంటూ కుట్టుపని, కూలిపని చేస్తున్నాను. డ్వాక్రా సంఘంలో సభ్యురాలిని. దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన కింద శిక్షణ పొంది ఉద్యోగంలో చేరాలనుకుంటున్నాను. వయసు 35 దాటింది కాబట్టి పేరు ఎక్కించి, మంచి కంపెనీలో వేయించడానికి రూ.15,000 అవుతుందని ఒకాయన రూ.3,000 అడ్వాన్సు తీసుకున్నారు. ఆ సొమ్ముకూ ఇంటి ఖర్చులకూ కలిపి రూ.60,000 మూడు రూపాయల వడ్డీకి తేవాలనుకుంటున్నాను. బ్యాంకులో రూ.18,000 ఉన్నాయి. ఇంటికి నెలకు రూ.7,000 కావాలి. అప్పు తేవడం మేలా, గొలుసు తాకట్టు పెట్టడం మేలా?

జవాబు: రెండూ వద్దు. రాబోయే జీతాన్ని నమ్ముకుని ముందే అప్పు చేసే పొరపాటు ఈ పథకాలకు దరఖాస్తు చేసే కుటుంబాలలో తరచూ కనిపిస్తుంది కాబట్టే మీ ఉత్తరానికి ఇంత వివరంగా జవాబు రాస్తున్నాను.

ముందుగా అర్హత సంగతి. ఈ పథకంలో సాధారణ వయోపరిమితి 15 నుంచి 35 ఏళ్లే అయినా, మహిళలకు, దివ్యాంగులకు, మరికొన్ని ప్రత్యేక వర్గాలకు 45 ఏళ్ల వరకు సడలింపు ఉంది. పేద కుటుంబమని తేల్చడానికి చూసే ఆధారాలలో దారిద్ర్యరేఖ దిగువ కార్డు, ఉపాధి హామీలో కనీసం 15 రోజులు పనిచేసిన కుటుంబమన్న రికార్డుతో పాటు స్వయం సహాయక సంఘం సభ్యత్వం కూడా ఒకటి. అంటే నిబంధన మీకు ఇప్పటికే ఇచ్చిన అర్హతనే ఆయన మీకు రూ.15,000కు అమ్ముతున్నారు. ఇక ఉద్యోగం వేయించడం శిక్షణ సంస్థ బాధ్యత. శిక్షణ పొందినవారిలో కనీసం 70 శాతం మందికి అది పని చూపించాలి, అభ్యర్థి మూడు నెలలు జీతం తీసుకున్నట్టు రుజువు ఉంటేనే దాన్ని ఉద్యోగ కల్పనగా లెక్కిస్తారు. అభ్యర్థిని ఉద్యోగంలో నిలబెట్టవలసిన అవసరం సంస్థకే ఉన్నప్పుడు మధ్యలో దళారీకి పనేమిటి?

ఇప్పుడు మీ అప్పు లెక్క చూద్దాం. రూ.60,000కు మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు రూ.1,800, ఏడాదికి 36 శాతం. 2016 మార్గదర్శకాల ప్రకారం సొంత రాష్ట్రం దాటి ఉద్యోగంలో చేరినవారికి ఆరు నెలల పాటు నెలకు రూ.1,000 చొప్పున సాయం అందుతుంది, సొంత జిల్లాలో చేరితే రెండు నెలలే. ప్రభుత్వం ఇచ్చే ఆ సాయం మీ వడ్డీకి కూడా చాలదు. నియామక పత్రంలో రూ.12,000 అని ఉన్నా, ఆ మొత్తం మీద పీఎఫ్ 12 శాతం, ఈఎస్‌ఐ 0.75 శాతం కోత పడితే చేతికొచ్చేది రూ.10,470, అందులోంచే హాస్టలు ఖర్చు, ఇంటికి పంపవలసిన డబ్బు తీయాలి. ఇలాంటి జీతం మీద 36 శాతం వడ్డీ పెట్టుకోవడం తెలిసి తెలిసి గోతిలో దిగడమే.

మీకు నిజంగా కావలసింది అత్యవసర నిధి. శిక్షణకు, వసతి గల కేంద్రమైతే భోజనానికి కూడా, మీరు చెల్లించవలసిందేమీ లేదు, కానీ ఆ కాలమంతా మీ కూలి ఆగిపోతుంది, ఇంటి ఖర్చు మాత్రం ఆగదు. కోర్సులు మూడు నెలల నుంచి ఏడాది వరకు ఉంటాయి కాబట్టి, ఎంపికకు ముందు జరిగే కౌన్సెలింగ్‌లో మీకు కుట్టుపని వచ్చని, పిల్లలున్నారని, వీలైనంత దగ్గరలో ఉద్యోగం కావాలని స్పష్టంగా చెప్పి, ఆ విద్యకు దగ్గరైన మూడు నెలల కోర్సును అడగండి. శిక్షణ మూడు నెలలు, మొదటి జీతం చేతికి వచ్చేదాకా మరో నెల, వెరసి నాలుగు నెలలకు రూ.28,000 కావాలి. రూ.18,000 మీ దగ్గరే ఉన్నాయి. కొరత పదివేలే, అరవై వేలు కాదు. బ్యాచ్ మొదలయ్యేలోగా కుట్టుపని మీద కొంత కూడబెట్టండి, అప్పటికీ తక్కువైతే సంఘాలకు 7 శాతం వడ్డీకి వచ్చే బ్యాంకు రుణంలోంచి ఆ కాస్త మాత్రమే తీసుకోండి. ఆ నిధి పూర్తికాకుండా శిక్షణలో చేరవద్దు, అవసరమైతే తర్వాతి బ్యాచ్ దాకా ఆగండి. మొదటి నెలలో పని నచ్చకో, పిల్లలకు జ్వరమొచ్చో ఇంటికి తిరిగి రావలసి వస్తే మిమ్మల్ని ఆదుకునేది ఆ డబ్బే. అది లేనివాళ్లే మళ్లీ వడ్డీ వ్యాపారి గడప తొక్కుతారు.

గొలుసు ఇంట్లోనే ఉండనివ్వండి. ఊరు వదలలేకపోతే స్వయం ఉపాధికి ఉచిత శిక్షణ ఇచ్చే ఆర్‌సెటి (గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ) ఉంది. సంపాదించేది మీరొక్కరే కాబట్టి ఏడాదికి రూ.436 జీవిత బీమా, రూ.20 ప్రమాద బీమా పథకాలలో బ్యాంకు ద్వారా చేరండి, రెండింటిలోనూ రెండు లక్షల చొప్పున రక్షణ ఉంటుంది.

దరఖాస్తు కోసం సంఘం పుస్తకం, ఆధార్ తీసుకుని నేరుగా మండల సమాఖ్య కార్యాలయానికి వెళ్లండి. ఈ శిక్షణలను ఆంధ్రప్రదేశ్‌లో సీడాప్, తెలంగాణలో ఈజీఎంఎం అనే ప్రభుత్వ సంస్థలు చూస్తాయి. మీరిచ్చిన రూ.3,000 విషయం సంఘం సమావేశంలో చెప్పి, రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. అది తిరిగి వచ్చినా రాకపోయినా మిగతా రూ.12,000 మాత్రం ఇవ్వకండి.